బూసీ ఫిరంగులు బొబ్బిలి దాకా ఎలా వచ్చాయి?

బొబ్బిలి వెళ్ళి యుద్ధ స్తంభం చూసి వచ్చాక మీ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడని రాశారు. రైళ్ళు లేవు, లారీలు లేవు, తారు రోడ్డు అసలే లేదు. అలాంటప్పుడు ఫ్రెంచి సేనాని బూసీ తన ఫిరంగులను ఇక్కడిదాకా ఎలా తెచ్చాడు, పాత యుద్ధాలలో సైనికులు ఆయుధాలూ సామానూ ఎలా తరలించేవారు అని. గుర్రాలు లాగి ఉంటాయని చెప్పి సరిపెట్టారట. ఆ జవాబు తప్పు. ప్రశ్న మాత్రం చరిత్ర బాగా చదివినవాళ్ళకు కూడా తట్టనిది, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు నా సంగతి. మాది రామభద్రపురం దగ్గర ఒక పల్లె. నాన్నకు ఒక జత ఎద్దులు, ఒక బండి ఉండేవి. నేను సైన్యంలో చేరి 24 ఏళ్ళు కంచరగాడిదల వెనక నడిచాను. మా కంపెనీ పని తుపాకి పేల్చడం కాదు, పేల్చేవాడికి తూటాలు, బియ్యం, కిరోసిను చేర్చడం. ఊళ్ళో వాళ్ళు "ఏ యుద్ధంలో ఎంతమందిని చంపావు" అని అడిగితే, "ఎవరినీ చంపలేదు, ఎంతోమందికి అన్నం మోశాను" అని చెప్పి వాళ్ళను నిరాశపరచడం నాకు అలవాటే. అందుకని యుద్ధాన్ని నేను ఎప్పుడూ వెనక నుంచే చూస్తాను. ఎవరు గెలిచారన్నది తరువాతి మాట. ముందు అడగవలసింది, ఆ సామాను మోసినది ఏమి తిన్నది, ఎక్కడ నీళ్ళు తాగింది, ఏ దారిన నడిచింది అని.

ఫిరంగి బరువుతో మొదలుపెడదాం. 18వ శతాబ్దపు ఫిరంగులను అవి పేల్చే గుండు బరువును బట్టి పిలిచేవారు. ఆరు పౌన్ల ఫిరంగి అంటే రెండు కిలోల ఏడు వందల గ్రాముల ఇనుప గుండు పేల్చేది. దాని గొట్టమే 300 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కోటగోడలు కొట్టడానికి వాడే 24 పౌన్ల ఫిరంగి గొట్టం ఒక్కటే రెండున్నర టన్నులు. దానికింద చక్రాలు, దిమ్మ కలిపితే మూడు టన్నులు దాటుతుంది. సరే, ఫిరంగి వచ్చింది అనుకోండి. అది వంద గుండ్లు పేల్చాలంటే గుండ్ల బరువు 11 క్వింటాళ్ళు, పేల్చే మందు బరువు మూడున్నర క్వింటాళ్ళకు పైన. అంటే ఒక్క ఫిరంగికి, వంద దెబ్బలకు, దాదాపు 15 క్వింటాళ్ళు వెనక రావాలి. మట్టి దారిలో ఎద్దుల బండికి ఐదారు క్వింటాళ్ళకు మించి వెయ్యరు. కాబట్టి మూడు బండ్లు. ఆ మందు తడిస్తే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

లాగినవి ఎద్దులు. దక్షిణాదిలో అప్పుడు గుర్రం చాలా ఖరీదైన వస్తువు. మంచివి అరేబియా నుంచి ఓడల్లో దిగేవి, మన కోస్తా ఉక్కకు నిలిచేవి కావు. వాటిని సర్దార్లూ రౌతులూ ఎక్కేవారు, ఫిరంగికి కట్టే ఆలోచన ఎవరికి వస్తుంది? ఆరు పౌన్ల ఫిరంగికి నాలుగైదు జతల ఎద్దులు చాలు. 24 పౌన్ల దానికి నలభై ఎద్దుల దాకా కట్టేవారు. బురదలో దిగబడితే వెనక నుంచి ఏనుగు వచ్చి నుదుటితో నెట్టేది. బురదలో ఏనుగును ముందు కట్టడం కంటే వెనక పెట్టడమే లాభమని ఆనాటి సైన్యాలు కనిపెట్టాయి. అయితే ఏనుగుకు రోజుకు 150 కిలోల పచ్చిమేత కావాలి, పైగా గుండ్ల మోతకు బెదిరి సొంతవాళ్ళనే తొక్కుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు కోటలు కొట్టే ఫిరంగులను ఏనుగులతో లాగించి, గుండ్లు పడేంత దగ్గరికి వచ్చాక ఏనుగులను విప్పి ఎద్దులను కట్టేవారు. ఎద్దుకు బెదురు తక్కువ, కాస్త మొండి. ఫిరంగి దళానికి కావలసిన గుణం అదే.

ఎద్దు విషయంలో పుస్తకాలు రాసేవాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. అది నెమరు వేసే జంతువు. మేత కడుపులోకి వెళ్ళాక పడుకొని, గంటల తరబడి, దాన్ని తిరిగి నోట్లోకి తెచ్చుకొని నమలాలి. ఆ సమయం ఇవ్వకుండా కొట్టి నడిపిస్తే ఎంత మేత వేసినా లాభం లేదు. మూడో రోజుకు డొక్కలు లోపలికి పోతాయి, నాలుగో రోజు కాడి కింద కూలబడుతుంది. మా నాన్న చెరకు తోలేటప్పుడు నడిరాత్రి బయలుదేరి, ఎండెక్కేసరికి చింతచెట్టు కింద బండి విప్పేసేవాడు. మధ్యాహ్నం దాకా ఎవరు ఎంత తొందరపెట్టినా కదిలేవాడు కాదు. "దాని నోరు ఆడుతున్నంతసేపు నా కాలు ఆడదు" అనేవాడు. సేనానాయకులు కూడా ఆ లెక్కకే లోబడ్డారు. గంటకు మూడు కిలోమీటర్లు, రోజుకు పన్నెండు, పదిహేను. అంతకు మించి ఫిరంగితో నడిచిన సైన్యం ఎద్దులను చంపుకున్నదే.

ఇప్పుడు బొబ్బిలి. 1756 చివర బూసీ రాజమండ్రి వైపు నుంచి వచ్చి కశింకోట దగ్గర దిగాడు. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు తన బలగంతో అక్కడ కలిశాడు. అక్కడి నుంచి బొబ్బిలికి నూరు కిలోమీటర్ల పైమాటే. ఏ దారి పట్టినా శారద, గోస్తని, చంపావతి, వేగవతి లాంటి నదులలో కొన్నింటిని దాటక తప్పదు. వంతెన ఒక్కటీ లేదు. ఎద్దుల నడకతో తొమ్మిది పది రోజులు. యుద్ధం జరిగినది 1757 జనవరి 24.

ఆ తేదీని మళ్ళీ చదవండి. సంక్రాంతి దాటిన రోజులు. వరి కోతలు అయిపోయాయి, మడుల్లో నీళ్ళు ఇంకిపోయి నేల గట్టిపడింది, చక్రం దిగబడదు. కళ్ళాల్లో కొత్త గడ్డి మేట్లు నిండుగా ఉన్నాయి, కొనడమో లాక్కోవడమో, ఏదైనా ఎద్దుకు మేత ఉంది. నదులు మోకాలి లోతుకు తగ్గాయి. రాత్రి మంచు, పగలు పల్చటి ఎండ, ఎద్దుకు ఇంతకంటే మంచి కాలం లేదు. అదే ఆశ్వయుజంలో వచ్చి ఉంటే ఆ ఫిరంగులు చంపావతి ఒడ్డునే కూర్చునేవి. వీరగాథలు పాడేవాళ్ళు తాండ్ర పాపారాయుడి కత్తిని వర్ణిస్తారు, వర్ణించవలసిందే. కానీ బొబ్బిలి మట్టిబురుజుల మీద తెల్లవారినప్పటి నుంచి గుండ్లు పడడానికి కారణం ఆ కత్తి కాదు, గడ్డి మేటి. కోట చుట్టూ దట్టమైన అడవి ఉండేదని ఆనాటివాళ్ళు రాశారు. అంటే చివరి కొన్ని మైళ్ళు దారి నరుక్కుంటూ ఫిరంగిని లాగారన్నమాట. గొడ్డళ్ళు పట్టుకొని ముందు నడిచిన ఆ కూలీల పేర్లు ఏ పాటలోనూ లేవు.

నది దాటించడం ఎలాగో నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. వేగవతిలో నీళ్ళు తగ్గాక ఇసుక ఉంటుంది. నీళ్ళ కంటే అది మోసం. చక్రం ఇసుకలో దిగితే ఎద్దులు ముందుకు లాగేకొద్దీ అది ఇంకా గుంట తవ్వుకుంటుంది. నాన్న ముందే రెల్లుగడ్డి, కొబ్బరి మట్టలు తెచ్చి ఇసుక మీద రెండు చాళ్ళుగా పరిచేవాడు. ఎద్దులను నీళ్ళలో ఆగనివ్వకూడదు, ఆగితే మళ్ళీ ఊపు రాదు. ఒకసారి మధ్యలో సీల ఊడి చక్రం ఇరుసు మీద నుంచి జారబోయింది. నాన్న నీళ్ళలోకి దూకి, ఇరుసు కింద భుజం పెట్టి, నా చేతికి రాయి ఇచ్చి సీల కొట్టమన్నాడు. నాకు పదేళ్ళు. రాయి రెండుసార్లు ఆయన వేలి మీద పడింది. తిట్టలేదు, తిట్టడానికి ఊపిరి లేదు. ఆ బండి బరువు ఐదు క్వింటాళ్ళు. మూడు టన్నుల ఫిరంగికి ఆ చక్రం జారితే ఏమవుతుందో తరువాత సైన్యంలో పాత యుద్ధాల గురించి చదివినప్పుడల్లా ఆ వేలే గుర్తొచ్చేది. కందెన గిన్నె, అదనపు సీలలు, ఒక మారు ఇరుసు లేకుండా ఫిరంగి బయలుదేరదు. వడ్రంగీ కమ్మరీ సైన్యంతో పాటు నడిచేవారు.

ఎద్దులు పోతే ఎంతటి సేనైనా ఏమవుతుందో చెప్పడానికి 1791 చాలు. ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దొర మైసూరు టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు. కోట కనిపించేంత దూరంలో పోరు కూడా గెలిచాడు. కానీ వానలు మొదలయ్యాయి, దారిలో ఎద్దులు వేలకు వేలు చచ్చాయి, తిండి గింజలు అయిపోయాయి. గోడలు బద్దలు కొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను వెనక్కి లాగే దిక్కు లేక, తన చేతులతోనే పాడుచేసి వదిలి తిరుగుముఖం పట్టాడు. గెలిచినవాడు ఫిరంగులు పారేసి పోవడం! మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు, అప్పుడు మాత్రం లంబాడీలను వెంటపెట్టుకొని వచ్చాడు.

లంబాడీల సంగతి కాస్త చెప్పాలి. వేలాది ఎద్దుల వీపుల మీద గోనెలు వేసి, బియ్యం, జొన్నలు, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన సంచార వర్తకులు వాళ్ళు. తాండాతో పాటే ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు. ఎవరు ధర ఇస్తే ఆ సేనకు ధాన్యం అమ్మేవారు, ఒక్కోసారి రెండు పక్షాలకూ అమ్మేవారు. వాళ్ళను ముట్టుకోకూడదన్నది చాలా సేనలు పాటించిన కట్టుబాటు, ముట్టుకుంటే రేపు తిండి రాదు. మన తెలుగు దేశంలో ఇదే పని చేసిన పెరికవాళ్ళకు ఆ పేరే ఎద్దు వీపున వేసే గోనెసంచి నుంచి వచ్చింది, పెరిక అంటే ఆ సంచి. బండికి దారి కావాలి, పెరిక ఎద్దుకు అడుగు పెట్టే చోటు చాలు. ఒక్కో ఎద్దు మోసేది క్వింటాలుకు అటూ ఇటూ. దారి పొడవునా మేసుకుంటూ పోతుంది కాబట్టి మేత మోయనక్కరలేదు. ఇదే దాని అసలు బలం.

మైసూరువాళ్ళు ఇంకో దారి పట్టారు, ఎద్దునే మార్చారు. అమృత్ మహల్ అని ఇప్పటికీ పిలిచే జాతిని రాచపోషణలో పెంచి, ఫిరంగులకే కేటాయించారు. ఆ పశువులతో హైదరలీ చిదంబరాన్ని కాపాడడానికి రెండున్నర రోజుల్లో 100 మైళ్ళు నడిచాడని ఆ జాతి గురించి రాసిన ప్రతివాళ్ళూ చెబుతారు. ఎద్దును ఎరిగినవాడిగా ఆ మాట వింటే నాకు సగం ఆశ్చర్యం, సగం అనుమానం. శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లీషువాళ్ళు ఆ మందలను వదలకుండా స్వాధీనం చేసుకున్నారంటే ఆ పశువులలో ఏదో ఉన్నట్టే.

ఫిరంగిని అసలు నేల మీద నడపకపోతే? దానికి మన తీరమే సాక్ష్యం. బొబ్బిలి జరిగిన ఏడాదిన్నరకు, విజయరామరాజు తరువాత విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళతో తెగతెంపులు చేసుకొని ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. 1758లో కర్నల్ ఫోర్డ్ బెంగాలు నుంచి సేననూ ఫిరంగులనూ ఓడల్లో ఎక్కించి విశాఖపట్నంలో దింపాడు. కలకత్తా నుంచి నేల మీద వచ్చి ఉంటే మహానది, వంశధార, నాగావళి దాటేసరికి ఎన్ని ఎద్దులు మిగిలేవో! ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. ఓడించాక వెంటనే మచిలీపట్నం మీద పడాలి కదా? పడలేకపోయాడు. సేన ఖర్చుకు ఇస్తానన్న సొమ్ము గజపతి ఇవ్వక, వారాల తరబడి గోదావరి ఒడ్డున ఆగిపోయాడు. జీతాలూ మేతా కొనకుండా ఏ సేనా కదలదు. చివరకు 1759 ఏప్రిల్‌లో గాని మచిలీపట్నం పడలేదు.

ఓడ నుంచి ఒడ్డుకు దించడం మరో కష్టం. ఆ రోజుల్లో కోరమాండల్ తీరమంతా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. మధ్యలో కెరటాల పొంగు. మేకులు లేకుండా పలకలను కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలే ఆ పొంగును తట్టుకునేవి, మేకు కొట్టిన పడవ నేలకు తగిలి పగిలిపోయేది, కుట్టిన పడవ వంగి ఊరుకునేది. ఆ పడవ నడిపిన మన జాలర్ల మీద ఆధారపడే దొరల సామాను ఒడ్డెక్కింది.

ఇక నా జంతువు సంగతి. కంచరగాడిద అంటే తండ్రి గాడిద, తల్లి గుర్రం. దానికి పిల్లలు పుట్టవు. గుర్రం కంటే తక్కువ తింటుంది, నెమరు వెయ్యదు కాబట్టి ఎద్దులా గంటలు పడుకోనక్కరలేదు, కొండబాట మీద కాలు ఎక్కడ పెట్టాలో మనిషి కంటే దానికి బాగా తెలుసు. మామూలు బరువు 72 కిలోలు. సరిగ్గా రెండు సగాలు చేసి రెండు పక్కలా వెయ్యాలి. ఇద్దరు ఒకేసారి ఎత్తాలి. ఒకడు ముందు ఎత్తితే పలాన్ ఒరుగుతుంది. పలాన్ అంటే వీపు మీద వేసే మందమైన జీను. పొట్ట కింద బిగించే పట్టీని మేము తంగ్ అనేవాళ్ళం. అది బిగించేటప్పుడు ఈ జంతువు కావాలని గాలి పీల్చి పొట్ట ఉబ్బించి పెడుతుంది! మనం గట్టిగా బిగించామనుకుంటాం. పది అడుగులు నడిచాక ఊపిరి వదిలేస్తుంది, తంగ్ వదులైపోతుంది. అందుకని పది అడుగులు నడిపించి, ఆపి, మళ్ళీ బిగించాలి. చేరిన మొదటి ఏడాది ఒక చలి పొద్దున నేను ఆ రెండోసారి బిగించడం మరిచాను. ఎక్కుడు మధ్యలో బరువంతా తిరిగి పొట్ట కిందికి వచ్చింది. రెండు కిరోసిను డబ్బాలు లోయలోకి దొర్లిపోయాయి. ఆ కంచరగాడిద మాత్రం ఒక్క అడుగు కదలకుండా, నేను తాడు కోసేదాకా, చెవులు వెనక్కి పెట్టుకొని అలాగే నిలబడింది. కదిలి ఉంటే తనూ పోయేది, వెనకవాటినీ తీసుకుపోయేది. ఆ రాత్రి పైన చౌకీలో పన్నెండుమంది చల్లటి రొట్టెలు తిన్నారు. తప్పు నూటికి నూరుపాళ్ళు నాది.

ఇంకో సంగతి, మజిలీ చేరగానే బరువు దించుతాం గాని పలాన్ వెంటనే తీయకూడదు. తంగ్ వదులు చేసి, చెమట ఆరనివ్వాలి. వేడి వీపుకు చల్లగాలి తగిలితే వాచి పుండవుతుంది. వీపు పుండైన కంచరగాడిద నెల రోజులు పనికిరాదు.

ఇప్పుడు మీ అబ్బాయి చేత ఒక లెక్క వేయించండి. కంచరగాడిద 72 కిలోలు మోస్తుంది. దాణా, గడ్డి కలిపి రోజుకు తొమ్మిది పది కిలోలు తింటుంది. మంచు కొండల్లో పచ్చగడ్డి లేదు, తన మేత తనే మోసుకుపోవాలి. ఎనిమిది రోజుల్లో మోసుకెళ్ళే బరువంతా తనే తినేస్తుంది. తిరిగి కూడా రావాలి కాబట్టి నాలుగు రోజుల దూరం దాటితే అది సైనికుడికి ఇచ్చేది సున్న. ఈ లెక్కే సికందరు (అలెగ్జాండరు) కాలం నుంచి సేనలు ఎంత దూరం పోగలవో గీత గీసింది. నీళ్ళూ పంటలూ ఉన్న లోయల వెంట నడిచినవాడు దూరం పోయాడు, ఎడారిలోకి దిగినవాడు దెబ్బతిన్నాడు.

కొండల మీదికి ఫిరంగి ఎక్కించడానికి ఇంగ్లీషువాళ్ళు గొట్టాన్నే రెండు ముక్కలు చేశారు. 1879 నాటి రెండున్నర అంగుళాల కొండ ఫిరంగి గొట్టం మధ్యలో మరలు తిప్పి బిగించేది. ముక్కకు 90 కిలోల చొప్పున, చక్రాలూ ఇరుసూ కలిపి ఐదు కంచరగాడిదల మీద ఎక్కేది. మొదటి ప్రపంచ యుద్ధం చివరికి వచ్చిన 3.7 అంగుళాల హోవిట్జర్‌కు ఎనిమిది కావాలి. బాగా తర్ఫీదైన బృందం దించి, బిగించి, గుండు పేల్చడానికి నిమిషాలే పట్టేది. 1915లో టర్కీలోని గల్లిపోలిలో నీళ్ళూ తూటాలూ ఎక్కించినవాటిలో మన దేశపు కంచరగాడిదల దళం ఉంది. 1939 చివర బొంబాయి నుంచి ఫ్రాన్సుకు వెళ్ళిన దళాలు డన్‌కిర్క్ దగ్గర మనుషులను మాత్రం ఓడ ఎక్కించి, జంతువులను అక్కడే వదిలి రావలసి వచ్చింది. 1944లో బర్మా అడవుల్లోకి విమానాల్లోనూ గ్లైడర్లలోనూ దించిన వాటికి, శత్రువుకు అరుపు వినిపించకుండా గొంతులో స్వరతంత్రులు కోసేశారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు మనసు ఒప్పదు. మా దళంలో అందరికీ తెలిసిన పేరు పెడోంగీ. 1971లో శత్రువు చేతికి చిక్కి, వీపున మెషిన్‌గన్‌తో, తూటాల పెట్టెలతో సహా తిరిగి మన వైపుకు నడిచి వచ్చింది. 1992లో ఢిల్లీలో దానికి నీలి మఖమలు దుప్పటి కప్పి సన్మానించారు.

మిగతా దేశాల సంగతులు త్వరగా చెప్పేస్తాను. రోమను సైనికుడు తన సామాను తనే కర్రకు కట్టి భుజాన వేసుకునేవాడు, మారియస్ అనే సేనాని ఆ అలవాటును గట్టిపరిస్తే జనం వాళ్ళకు "మారియస్ కంచరగాడిదలు" అని పేరు పెట్టారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో సుల్తాన్ మెహమెత్ కొవ్వు పూసిన దుంగల మీద ఓడలను కొండ దాటించి అవతలి నీళ్ళలో దింపాడు. ఓడలు బండ్లవుతాయని మనం సామెతగా అంటాం, ఆయన చేసి చూపించాడు. 1800 మే నెలలో నెపోలియన్ ఆల్ప్స్ దాటినప్పుడు ఫిరంగి గొట్టాలను తొలిచిన చెట్టు మొద్దులలో పడుకోబెట్టి, తాళ్ళు కట్టి, మంచు మీద మనుషులచేత లాగించాడు.

నాకు అన్నిటికంటే నచ్చినది 1954 నాటి వియత్నాం. ద్యెన్ బ్యెన్ ఫూ లోయలో దిగిన ఫ్రెంచి సేన, చుట్టూ కొండల మీదికి పెద్ద ఫిరంగులు ఎక్కించడం ఎవరి తరమూ కాదనుకుంది. వియత్నామువాళ్ళు వాటిని తాళ్ళతో, చేతులతో, రాత్రిళ్ళు, అంగుళం అంగుళం లాగి ఎక్కించారు. తిండి, తూటాలు సైకిళ్ళ మీద వచ్చాయి. తొక్కుతూ కాదు. హ్యాండిలుకు ఒక పొడవాటి వెదురు, సీటు గొట్టానికి ఒక కర్ర కట్టి, పక్కన నడుస్తూ నెట్టేవారు. ఒక్కో సైకిలుకు 200 కిలోలు. నమ్మకం కలగకపోతే ఉద్దానం వైపు వెళ్ళి కొబ్బరికాయల గెలలు కట్టిన సైకిలును ఎక్కుడు దారిలో నెట్టుకొచ్చే మనిషిని చూడండి. దాదాపు మూడు కంచరగాడిదలు మోసే బరువు, మేత ఖర్చు లేదు, నెమరు లేదు. చక్రం పోతే మార్చుకోవచ్చు.

ఇంజను వచ్చాక ఈ గొడవ తీరిందనుకుంటారు. 1941లో రష్యా మీద పడిన జర్మను సేనను ట్యాంకుల సేన అంటారు గాని, దానితో ఆరు లక్షలకు పైగా గుర్రాలు నడిచాయి. 1944లో ఫ్రాన్సులో అమెరికనులు వేలాది లారీలను వరసగా నడిపితే, ఆ లారీలు మోసుకొచ్చిన పెట్రోలులో కొంత వాటికే సరిపోయింది. మా కంచరగాడిద లెక్కే, కాకపోతే కొంచెం వేగంగా.

మన దేశంలో చెప్పుకోవలసినది 1948 నవంబరు 1. కాశ్మీరు నుంచి లడాఖ్‌కు పోయే దారిలో జోజిలా కనుమ, 11,500 అడుగుల పైన. అక్కడికి ట్యాంకులు రాగలవని శత్రువు కలలో కూడా అనుకోలేదు. 7వ లైట్ కావల్రీ స్టువార్ట్ ట్యాంకుల పైభాగాలు విప్పి, టార్పాలిన్లు కప్పి, శ్రీనగరు మీదుగా దాటించారు. పైకి పోయే దారి కంచరగాడిదల బాట. దాన్ని ట్యాంకు పట్టేంత వెడల్పు చేసినది మన తెలుగువాళ్ళు చాలామంది చేరే మద్రాస్ సాపర్ల దళం, అంటే సైన్యానికి దారులూ వంతెనలూ వేసేవాళ్ళు. 1962లో లడాఖ్‌లోని చుషూల్‌లో ట్యాంకులను విమానంలో దింపారు.

1999 వేసవిలో నేను ద్రాస్ వైపు ఉన్నాను. బోఫోర్స్ ఫిరంగులు పెద్ద లారీల వెనక రోడ్డు మీద వచ్చాయి. రోడ్డు నుంచి కొండ అడుగు దాకా మా కంచరగాడిదలు. అక్కడి నుంచి పైకి జంతువు కాలు నిలవదు, కూలీలు, సైనికులు. రాత్రి చీకట్లో ఎక్కబోయే ఒక కుర్రవాడు నా ముందే తన సంచి విప్పి, రొట్టెల పొట్లం తీసి పక్కన పెట్టి, ఆ చోట్లో తూటాల కట్ట పెట్టుకున్నాడు. "తినవా" అన్నాను. "మీరు రేపు తెస్తారు కదా" అన్నాడు. మరునాడు తెచ్చాం. అతను ఉన్న చోటికి చేరేసరికి తెల్లవారింది. తిన్నాడు.

మీ అబ్బాయికి ఇదంతా చదివి వినిపిస్తే నిద్రపోతాడు. అంతకంటే మానాపురం పశువుల సంతకు ఒక రోజు తీసుకువెళ్ళండి. లాడాలు కొట్టేవాడి దగ్గర కాసేపు నిలబెట్టండి. బండి తోలే పెద్దాయన ఎవరైనా ఒప్పుకుంటే, ఖాళీ బండి చక్రానికి భుజం పెట్టి ఇసుకలో పది గజాలు నెట్టమనండి. ఆ తరువాత వేగవతి వంతెన మీద కారు ఆపి, కింద నది చూపించి, ఫిరంగి ఇక్కడ దాటిందనుకో, ఏ నెలలో దాటిస్తావు అని అడగండి.